వేడి చేసిందిలే అనుకోకండి

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవాల రెండో రోజు ఉదయం జరిగిన ఆరోగ్య సదస్సులో, యూరాలజిస్టుగా పనిచేస్తున్న మన పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగానికి అక్షర రూపం)



నిన్న సాయంత్రం నుంచి అందరం పాత కబుర్లలో ఉన్నాం. ఎవరు ఏ బెంచీలో కూర్చునేవారు, ఎవరు గోడ దూకి సినిమాకి పోయేవారు, ఎవరికి ఏ మాస్టారి చేతిలో ఎన్ని బెత్తం దెబ్బలు పడ్డాయి అన్న లెక్కలు తేలుతున్నాయి. ఈ హుషారులో నాకు పాతిక నిమిషాలిచ్చి, "ఆరోగ్యం గురించి ఏదైనా చెప్పండి, బీపీ, షుగరు లాంటిది" అన్నారు సెక్రటరీగారు. బీపీ, షుగరు గురించి చెప్పగలిగిన డాక్టర్లు మన సంఘంలోనే అయిదారుగురున్నారు. నేను మూత్రకోశ వ్యాధుల డాక్టర్ని. భోజనాల ముందు నలుగురిలో మూత్రం గురించి మాట్లాడటం మర్యాద కాదని నాకూ తెలుసు. అయినా మాట్లాడతాను. మర్యాద కాదనుకుని ఎవరూ మాట్లాడకపోవడం వల్ల కూడా మా బ్యాచ్‌లో ఒకడు ఈరోజు ఈ హాల్లో లేడు.

అసలు విషయానికి ముందు ఒక చిన్న జ్ఞాపకం. మన సైన్సు మాస్టారు ముందు వరసలోనే కూర్చున్నారు. మాస్టారూ, మీకు గుర్తుందో లేదో! ల్యాబ్ నోటుబుక్‌లో మాచేత నిలువుగా గీత కొట్టించేవారు. ఎడమ పక్క 'పరిశీలన', కుడి పక్క 'నిర్ధారణ'. నీలి లిట్మస్ కాగితం ఎర్రబడింది అన్నది పరిశీలన. కాబట్టి ఇది ఆమ్లం అన్నది నిర్ధారణ. ఒకరోజు నేను కాగితం ముంచకుండానే, పక్కవాడి పుస్తకంలో చూసి 'ఆమ్లం' అని రాసేశాను. మీరు నా గ్లాసులో పోసింది సున్నపు తేట. "కళ్ళు చెయ్యాల్సిన పని నోటితో చేస్తావేంరా" అన్నారు. క్లాసంతా నవ్వింది. ఆ మాట ఇవాళ్టి నా ప్రసంగానికి అవసరం కాబట్టి చెప్పాను.

ఒక ఫోను, ఒక 'సరే'

కొన్నేళ్ళ కిందట మే నెలలో, రెండు ఆపరేషన్ల మధ్య టీ తాగుతుంటే ఫోను మోగింది. మా బ్యాచ్ మిత్రుడు. పేరు చెప్పను. మా బ్యాచ్ వాళ్ళకి తెలుస్తుంది, తెలిసినవాళ్ళు కూడా పైకి అనకండి.

"ఒరేయ్, నిన్న పొద్దున్న యూరిన్ ఎర్రగా వచ్చిందిరా. మధ్యాహ్నానికి మామూలైపోయింది. నొప్పీ మంటా ఏం లేవు. ఎండల్లో పెళ్ళి పనుల మీద తిరుగుతున్నాగా, వేడి చేసుంటుంది. మా ఆవిడ సబ్జా గింజలు, బార్లీ నీళ్ళు ఇస్తోంది. నీ చెవిన కూడా వేద్దామని చేశా."

"ఒకసారి వచ్చి చూపించుకోరా" అన్నాను.

"అమ్మాయి పెళ్ళి శ్రావణంలో పెట్టుకున్నాం కదా. అది కానీ, తీరిగ్గా వస్తా."

"సరే" అన్నాను.

ఆ 'సరే' అన్నది నేనే. పాతికేళ్ళు ఇదే పని చేసినవాణ్ణి. బయటివాళ్ళు ఎవరైనా నా ఓపీలో ఇదే మాట చెబితే అప్పటికప్పుడు పరీక్షలు రాసేవాణ్ణి. స్నేహితుడు కాబట్టి, వాడు నవ్వుతూ చెప్పాడు కాబట్టి, నేనూ తేలిగ్గా తీసుకున్నాను. పెళ్ళికి వెళ్ళి అక్షింతలు వేసి, విస్తరి ముందు కూర్చుని భోంచేసి వచ్చాను. వాడు కొంచెం తగ్గినట్టు కనిపించాడు. పెళ్ళి హడావుడిలే అనుకున్నాను.

పెళ్ళయిన పది రోజులకి వాడు గడ్డలు గడ్డలుగా రక్తం పడి, ఆ గడ్డలే అడ్డం పడి మూత్రం ఆగిపోయి, రాత్రివేళ ఆస్పత్రికి వచ్చాడు. మర్నాడు మత్తు ఇచ్చి, మూత్రనాళం గుండా సన్నటి గొట్టం కెమెరా పంపి లోపల చూశాం. మూత్రాశయం గోడకి నిమ్మకాయంత కణితి. అందినంత వరకు గీకి తీసి పరీక్షకి పంపాం. వారానికి రిపోర్టు వచ్చింది. స్మాల్ సెల్ న్యూరోఎండోక్రైన్ కార్సినోమా. సీటీ స్కాన్‌లో అప్పటికే కటి భాగంలోని లింఫు గ్రంథులు ఉబ్బి ఉన్నాయి. కాలేయంలో రెండు మచ్చలు కనిపించాయి.

మే నెలలోనే వచ్చి ఉంటే వాడు బతికేవాడా? ఆ మాట నేను అనలేను, ఏ డాక్టరూ ప్రమాణం చేసి చెప్పలేడు. కానీ ఈ జబ్బుకి మూడు నెలలంటే చాలా ఎక్కువ కాలం. ఎందుకో చెప్పడానికే ఈ జబ్బు కథ మీకు కొంచెం వివరంగా చెప్పాలి.

ఏమిటీ జబ్బు?

న్యూరోఎండోక్రైన్ అన్న మాట మన దేశంలో చాలామంది మొదటిసారి విన్నది 2018 మార్చిలో, నటుడు ఇర్ఫాన్ ఖాన్ తనకి ఆ రకం కణితి ఉందని ప్రకటించినప్పుడు. న్యూరో అంటే నరాలకి సంబంధించినది. ఎండోక్రైన్ అంటే హార్మోన్లు తయారుచేసే గ్రంథులకి సంబంధించినది. ఈ రెండు లక్షణాలూ కలిసిన కణాలు మన ఒంట్లో ఊపిరితిత్తుల్లో, పేగుల్లో, క్లోమంలో, ప్రోస్టేట్‌లో, మూత్రాశయం లోపలి పొరలో అక్కడక్కడా ఉంటాయి. ఈ లక్షణాలున్న కణుతులన్నిటినీ కలిపి ఒకే ఇంటిపేరుతో పిలుస్తున్నాం. ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన మనుషులంతా ఒకలా ఉండరు కదా! వీటిలో ఏళ్ళ తరబడి కదలకుండా పడి ఉండేవి ఉన్నాయి. అలాంటి నెమ్మదివాటిని చూసే 1907లో జర్మనీకి చెందిన ఓబర్న్‌డార్ఫర్ అనే వైద్యుడు 'కార్సినాయిడ్', అంటే క్యాన్సర్ లాంటిది, అని పేరు పెట్టాడు. వాటికి పూర్తిగా ఎదురు కొసన ఉన్నది స్మాల్ సెల్ రకం. ఇది పరుగు మీదుంటుంది.

స్మాల్ సెల్ క్యాన్సర్ ఎక్కువగా వచ్చేది ఊపిరితిత్తుల్లో. అక్కడ దీన్ని చాలాకాలంగా ఎరుగుదుం. మూత్రాశయంలో కూడా వస్తుందని వైద్య పత్రికలకి ఎక్కింది 1981లో. ఇది ఎంత అరుదంటే, మూత్రాశయ క్యాన్సర్లు వంద ఉంటే వాటిలో ఇది ఒకటి కూడా ఉండదు. ఇక కిడ్నీలోనూ, కిడ్నీ నుంచి మూత్రాశయానికి వచ్చే నాళంలోనూ అయితే మరీ అరుదు. నా సర్వీసు మొత్తంలో నేను చూసినవి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. అరవై, డెబ్బై ఏళ్ళవాళ్ళలో, ఆడవాళ్ళకంటే మగవాళ్ళలో, అందులోనూ పొగ తాగిన అలవాటున్నవాళ్ళలో ఎక్కువ.

మైక్రోస్కోపు కింద ఈ కణాలు చిన్నగా, నీలంగా, ఒకదాన్నొకటి నొక్కుకుంటూ కిక్కిరిసి ఉంటాయి. కణం అంతా కేంద్రకమే అన్నట్టుంటుంది. ఆ కేంద్రకంలో ఉప్పూ మిరియాల పొడీ చల్లినట్టు చుక్కలు. సినాప్టోఫైసిన్, క్రోమోగ్రానిన్, సీడీ 56 అనే గుర్తులకి రంగు పట్టించి ఇది న్యూరోఎండోక్రైన్ అవునా కాదా తేలుస్తారు. కీ-67 అని ఇంకో గుర్తు ఉంది. ఎన్ని కణాలు విభజన పనిలో ఉన్నాయో అది చెబుతుంది. ఈ జబ్బులో ఆ అంకె చాలా ఎక్కువగా ఉంటుంది. అంటే కణాలు విరామం లేకుండా రెట్టింపవుతున్నాయని అర్థం. మామూలుగా కణ విభజన హద్దు మీరకుండా టీపీ 53, ఆర్‌బీ 1 అని రెండు జన్యువులు బ్రేకుల్లా పనిచేస్తాయి. ఈ కణాల్లో చాలావరకు ఆ రెండు బ్రేకులూ తెగిపోయి ఉంటాయి.

ఇంకో సంగతి. సుమారు సగం మందిలో ఈ చిన్న కణాలతో పాటు మామూలు రకం మూత్రాశయ క్యాన్సర్ కణాలు కూడా కలిసే ఉంటాయి. రెండూ ఒకే మూలం నుంచి పుట్టి దారి మారాయని జన్యు పరీక్షలు సూచిస్తున్నాయి. అందుకే గీకి తీసిన ముక్క సరిపడా ఉండాలి, చూసే పాథాలజిస్టు అనుభవం ఉన్నవారై ఉండాలి. వెతకనివాళ్ళకి ఇది దొరకదు.

బయటికి కనిపించే లక్షణం మాత్రం ప్రత్యేకంగా ఏమీ ఉండదు. మామూలు మూత్రాశయ క్యాన్సర్‌కి ఉన్నదే. నొప్పి లేకుండా మూత్రంలో రక్తం రావడం. ఒకసారి వచ్చి, వారాల తరబడి కనపడకుండా పోవచ్చు కూడా. ఆ సమయంలో లోపల అది పెరుగుతూనే ఉంటుంది. మనిషి డాక్టరు దగ్గరికి వచ్చేసరికి చాలామందిలో అది గోడ కండరంలోకి దిగేసి ఉంటుంది. అక్కడి నుంచి లింఫు గ్రంథులకి, కాలేయానికి, ఎముకలకి, ఒక్కోసారి మెదడుకి పాకుతుంది.

కత్తికి ముందు మందు

ఇప్పుడు ఇంకో మనిషి గురించి చెబుతాను. ఆయన మన బడివాడు కాదు. ఆర్టీసీలో కండక్టరుగా రిటైరయ్యారు. రోజుకో బీడీకట్ట అలవాటు. ఒక సోమవారం పొద్దున్న మూత్రం ఎర్రగా వచ్చింది. ఆయనా వేడే అన్నారు. కానీ వాళ్ళావిడ మంగళవారానికల్లా ఆయన్ని నా ముందు కూర్చోబెట్టింది. "ఈయన మాట వినకండి బాబూ. నలభై ఏళ్ళ నుంచి దేనికైనా వేడే అంటారు" అంది. ఆ వారంలోనే కెమెరా పరీక్ష అయింది, ముక్క తీశాం. రిపోర్టులో స్మాల్ సెల్. స్కాన్‌లో ఇంకెక్కడికీ పాకినట్టు లేదు.

కొడుకు వచ్చాడు. గడ్డ ఉంది, పాకలేదు, ఆపరేషన్ ఎప్పుడు చేస్తారని అడిగాడు. ఇప్పుడు కాదు, ముందు కీమో మందులు ఎక్కించాలి, సుమారు మూడు నెలలు అన్నాను. అతనికి కోపం వచ్చింది. "గడ్డ ఉందని తెలిసీ మూడు నెలలు లోపలే ఉంచుతారా? కోసి పారెయ్యకుండా ఈ ఆలస్యమేంటండీ?"

అడగాల్సిన ప్రశ్నే. నేను కొత్తగా ప్రాక్టీసు పెట్టినప్పుడైతే నేనూ అదే అనేవాణ్ణి. మా సర్జన్లకి గడ్డ కనపడితే చెయ్యి ఊరుకోదు. అతన్ని కూర్చోబెట్టి ఒక లెక్క చెప్పాను. అమెరికాలో హ్యూస్టన్ నగరంలో ఉన్న ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ కేంద్రం డాక్టర్లు 2004లో, అప్పటిదాకా తమ దగ్గర ఈ జబ్బుకి మూత్రాశయం తీసేసే ఆపరేషన్ చేయించుకున్న 46 మంది రికార్డులు తిరగేశారు. అందులో 25 మందికి నేరుగా ఆపరేషన్ చేశారు. 21 మందికి ముందు కీమో ఇచ్చి తర్వాత ఆపరేషన్ చేశారు. అయిదేళ్ళ తర్వాత చూస్తే, నేరుగా కోసినవాళ్ళలో ఈ జబ్బుకి బలి కాకుండా ఉన్నవాళ్ళు వందకి 36 మంది లెక్కన ఉన్నారు. ముందు మందు తీసుకున్నవాళ్ళలో వందకి 78 మంది లెక్కన. ఇది చిన్న లెక్కే, పాత రికార్డుల మీద వేసినదే. జబ్బే ఇంత అరుదైనప్పుడు వేలమందిని పోగుచేసి పరీక్షించడం కుదరదు. అయినా దారి మాత్రం స్పష్టంగా కనిపించింది. తర్వాత వచ్చిన అనుభవం కూడా అటే చూపించింది.

ఎందుకలా? ఈ జబ్బు స్కాన్‌లో ఒకచోటే కనిపించినా, కంటికి ఆనని విత్తనాలు అప్పటికే రక్తంలో పడి తిరుగుతూ ఉండే అవకాశం చాలా ఎక్కువ. కత్తి ఒక్కచోటే కోస్తుంది. మందు ఒళ్ళంతా తిరుగుతుంది. పెద్ద ఆపరేషన్ చేసి మనిషి కోలుకోవడానికి రెండు మూడు నెలలు పట్టే లోపల ఆ విత్తనాలు మొలకెత్తేస్తాయి. అందుకే ముందు మందు. కొందరికి ఆపరేషన్‌కి బదులు కీమోతో పాటు రేడియేషన్ ఇచ్చి మూత్రాశయాన్ని ఉంచే పద్ధతి కూడా ఉంది. ఎవరికి ఏది అన్నది సర్జను, మందులిచ్చే డాక్టరు, రేడియేషన్ డాక్టరు ముగ్గురూ కూర్చుని నిర్ణయించాలి.

ఆ మందులు రెండు. ఎటొపొసైడ్, సిస్ప్లాటిన్. ఒకటి హిమాలయాల్లో పెరిగే పోడోఫిలమ్ జాతి మొక్క వేళ్ళలో దొరికే పదార్థం నుంచి వచ్చింది. రెండోది పుట్టిన తీరు మన సైన్సు మాస్టారు విని తీరాలి. 1965 ప్రాంతంలో అమెరికాలో మిషిగన్ రాష్ట్ర విశ్వవిద్యాలయంలో బార్నెట్ రోజెన్‌బర్గ్ అనే శాస్త్రవేత్త సూక్ష్మజీవులున్న ద్రావణంలోకి కరెంటు పంపి చూస్తున్నాడు. సూక్ష్మజీవులు విడిపోవడం మానేసి పొడుగ్గా సాగిపోయాయి. కరెంటు వల్లే అని రాసుకుని ఊరుకోవచ్చు. ఆయన ఊరుకోలేదు. వెతగ్గా వెతగ్గా తేలిందేమిటంటే, కరెంటు పంపడానికి వాడిన ప్లాటినం కడ్డీల నుంచి ద్రావణంలోకి దిగిన ప్లాటినం పదార్థం ఆ పని చేసింది. కణాలు రెండుగా చీలకుండా ఆపే ఆ పదార్థాన్నే క్యాన్సర్ మీద వాడి చూశారు. 1978లో అమెరికాలో మందుగా అనుమతి దొరికింది. ఆయన ల్యాబ్ పుస్తకంలోనూ మధ్యలో గీత ఉండే ఉంటుంది!

మామూలు మూత్రాశయ క్యాన్సర్‌కి నాలుగు మందులు కలిపి ఇచ్చే పద్ధతి ఒకటి ఉంది. వాటిలో మెథోట్రెక్సేట్ ఒకటి. మన భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో నడిపించిన ఫోలిక్ ఆమ్లం పరిశోధనల నుంచి వచ్చిన మందు అది. అందులోదే ఇంకొకటి వింబ్లాస్టీన్. అది బిళ్ళగన్నేరు నుంచి వచ్చింది. మన బడి గేటు పక్కన పూసేది ఆ మొక్కే. అయితే స్మాల్ సెల్‌కి ఈ కలయిక కాదు, నేను ముందు చెప్పిన రెండు మందులూ వాడతాం. కాబట్టి బయాప్సీలో రకం సరిగ్గా తేలకపోతే మందే మారిపోతుంది.

కండక్టరుగారి కొడుకు చివరికి ఒప్పుకున్నాడు. మూడు వారాలకి ఒకసారి, వరసగా మూడు రోజులు మందు ఎక్కించడం. అలా నాలుగు సార్లు. జుట్టు ఊడింది, వాంతులయ్యాయి, రెండోసారి తర్వాత తెల్లకణాలు పడిపోయి వారం ఆస్పత్రిలో ఉన్నారు. సిస్ప్లాటిన్ కిడ్నీల మీద భారం వేసే మందు కాబట్టి ప్రతిసారీ క్రియాటినిన్ చూసుకుంటూ నడిపాం. తర్వాత స్కాన్‌లో కణితి కనపడలేదు. అప్పుడు మూత్రాశయం తీసేసి, చిన్నపేగు ముక్కతో పొట్ట మీదికి దారి పెట్టి, మూత్రం సంచిలో పడే ఏర్పాటు చేశాం. ఆరేళ్ళయింది. ఏడాదికోసారి వస్తారు. "అప్పుడు భుజాన టికెట్ల సంచి, ఇప్పుడు పొట్ట మీద ఈ సంచి. నాకు సంచి తప్పదు డాక్టరుగారూ" అంటారు.

మా వాడి మాటకొస్తాను. వాడికీ అవే మందులిచ్చాం. రెండోసారికే కాలేయంలో మచ్చలు కరిగాయి. లింఫు గ్రంథులు మామూలయ్యాయి. ఇంట్లో పండగ చేసుకున్నారు. ఈ జబ్బు తీరు అదే, మందుకి మొదట్లో బాగా లొంగుతుంది. ఒళ్ళంతా పాకిన తర్వాత పట్టుకుంటే మాత్రం ఎక్కువమందిలో కొన్ని నెలలకే తిరిగి వస్తుంది. వాడికి మెదడులోకి వచ్చింది. పెళ్ళయిన పద్నాలుగో నెలలో వెళ్ళిపోయాడు. మనవరాలిని ఎత్తుకున్నాడు, అదొక్కటే తృప్తి. ఇప్పుడు రోగనిరోధక శక్తిని మేల్కొలిపే ఇమ్యునోథెరపీ మందులు ఊపిరితిత్తుల స్మాల్ సెల్‌కి వాడుకలోకి వచ్చాయి. మూత్రాశయంలో వచ్చేదానికి కూడా వాటిని వాడి చూస్తున్నారు. ఆశ ఉంది. అయినా ఈ రోజుకి మన చేతిలో ఉన్న అన్నిటికంటే పెద్ద మందు, తొందరగా కనిపెట్టడమే.

ఇంటికి తీసుకెళ్ళవలసిన మాటలు

నేను ఇంతసేపు ఒక అరుదైన జబ్బు గురించి చెప్పాను. మీలో ఎవరికీ అది రాకపోవచ్చు, రాకూడదు. కానీ దానికోసం మీరు చెయ్యాల్సిన పని, మామూలు మూత్రాశయ క్యాన్సర్‌కీ కిడ్నీ క్యాన్సర్‌కీ కూడా పనికొస్తుంది. అందుకే కొన్ని మాటలు విడివిడిగా చెబుతాను.

మూత్రం ఎర్రగా కనిపించిందంటే అది పరిశీలన. 'వేడి' అన్నది నిర్ధారణ. మధ్యలో పరీక్ష లేదు. బీట్‌రూట్ తిన్నా రంగు మారవచ్చు, టీబీకి వాడే రిఫాంపిసిన్ మాత్రతో నారింజ ఎరుపులో రావచ్చు. ఆ సంగతి తేల్చేది ఒక చిన్న మూత్ర పరీక్ష. రక్తమే అని తేలినా అందరిలోనూ క్యాన్సర్ ఉండదు. చాలామందికి రాయో, ఇన్ఫెక్షనో, ప్రోస్టేట్ వాపో ఉంటుంది. కాబట్టి భయపడమని కాదు, చూపించుకోమని చెబుతున్నాను.

రక్తం ఆగిపోవడం కూడా పరిశీలనే. జబ్బు తగ్గిందన్నది దాని పక్కన రాయకండి. సబ్జా తాగండి, బార్లీ తాగండి, కొబ్బరిబోండాం తాగండి. నేను వద్దనను. తాగుతూనే ఆ వారంలో యూరాలజిస్టు దగ్గరికి వెళ్ళండి.

నొప్పి ఉంటే మనిషి ఎలాగూ పరిగెత్తుకొస్తాడు. నొప్పి లేని రక్తమే ఎక్కువ అనుమానించదగ్గది.

అల్ట్రాసౌండ్ బాగుంది అన్నంత మాత్రాన పని అయిపోలేదు. చిన్న కణుతులు, గోడకి పరచుకుని ఉండేవి అందులో కనపడకపోవచ్చు. నడివయసు దాటినవాళ్ళకి కంటికి కనిపించే రక్తం వస్తే కెమెరా పరీక్ష, అంటే సిస్టోస్కోపీ, అవసరమవుతుంది. పది నిమిషాల పని. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

గుండెకి రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్ళు "ఆ మాత్రల వల్లేలే" అని వదిలెయ్యకండి. మాత్ర వల్ల రక్తం తేలిగ్గా బయటపడవచ్చు, కానీ కారేచోటు ఒకటి లోపల ఉండి ఉండవచ్చు. దాన్ని వెతకాలి. అలాగని మీ అంతట మీరు ఆ మాత్రలు మానెయ్యనూ వద్దు.

అక్కలకూ చెల్లెళ్ళకూ ప్రత్యేకంగా ఒక మాట. ఆడవాళ్ళకి యూరిన్ ఇన్ఫెక్షన్లు ఎక్కువ కాబట్టి, రక్తం వచ్చిన ప్రతిసారీ యాంటీబయాటిక్ రాసి పంపేయడం జరుగుతుంటుంది. అలా నెలలు గడిచిపోయి ఆలస్యంగా బయటపడిన కేసులు ఉన్నాయి. కల్చర్ పరీక్షలో క్రిములు పెరగకపోయినా, మందు వాడాక మళ్ళీ రక్తం కనిపించినా, ఇంకో కోర్సు మందుతో సరిపెట్టుకోకండి. ముందుకెళ్ళి పరీక్ష అడగండి.

ఇంట్లో పెద్దవాళ్ళు ప్రోస్టేట్ క్యాన్సర్‌కి హార్మోన్ ఇంజెక్షన్లు ఏళ్ళ తరబడి తీసుకుంటుంటే ఇది గుర్తుంచుకోండి. వాళ్ళలో కొద్దిమందికి జబ్బు ఇదే చిన్నకణ రకంగా మారుతుంది. అప్పుడు పీఎస్ఏ అంకె తక్కువగానే ఉంటూ జబ్బు మాత్రం పాకవచ్చు. అంకె బాగుంది కదా అని, కొత్తగా వచ్చిన నొప్పులనీ చిక్కిపోవడాన్నీ పక్కన పెట్టకండి.

రిపోర్టులో స్మాల్ సెల్ అనో న్యూరోఎండోక్రైన్ అనో కనిపిస్తే, ఆ గాజు స్లైడ్లూ మైనపు బ్లాకులూ ఆస్పత్రి నుంచి అడిగి తీసుకుని పెద్ద క్యాన్సర్ కేంద్రంలో ఇంకోసారి చూపించండి. అవి మీ హక్కు. హైదరాబాద్ రెడ్ హిల్స్‌లో ఎం.ఎన్.జె. ఉంది, విశాఖ దగ్గర అగనంపూడిలో టాటా వాళ్ళ హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకం కింద రెండు రాష్ట్రాల్లోనూ క్యాన్సర్ చికిత్సలు జరుగుతున్నాయి. డబ్బు లేదని ఇంట్లో కూర్చోవద్దు.

చివరిది పొగ. మూత్రాశయ క్యాన్సర్లలో సుమారు సగానికి పొగాకే కారణం. పొగలోని విషాలు రక్తంలో కలిసి, కిడ్నీల్లో వడపోత అయి, మూత్రంతో పాటు మూత్రాశయంలో గంటల తరబడి నిలవ ఉంటాయి. పీల్చింది ఊపిరితిత్తులతోనే అయినా దాచుకునేది మూత్రాశయంలో. సిగరెట్టయినా, బీడీ అయినా, చుట్టయినా ఒకటే. నిన్న రాత్రి ఈ హాలు వెనక వేపచెట్టు కింద ఎవరెవరు నిలబడ్డారో నేను చూశాను. పేర్లు చదవను.

ఇక ముగిస్తాను. మా వాడు వెళ్ళిపోవడానికి నెల ముందు నేను వాళ్ళింటికి వెళ్ళాను. ఆ 'సరే' గురించి నేనే ఎత్తాను. తప్పు నాదిరా, ఆ రోజే కారు పంపించి తీసుకురావాల్సింది అన్నాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నువ్వు రమ్మన్నావు, నేనే రాలేదు. నీకంత బాధగా ఉంటే ఒక పని చెయ్యి. మన బడి వాళ్ళంతా కలిసినప్పుడు చెప్పు. పేరు చెప్పకు, అమ్మాయి తన పెళ్ళి వల్లే అనుకుంటుంది" అన్నాడు. ఆ పని ఈరోజు చేశాను.

ఆ అమ్మాయి తప్పేమీ లేదు. పెళ్ళి ముహూర్తాలు వస్తూనే ఉంటాయి, కోతలు, పరీక్షలు, ఆడిట్లు, అమెరికా ప్రయాణాలు ఎప్పుడూ ఏవో ఒకటి ఉంటూనే ఉంటాయి. మన వయసులో తీరిక అనేది దానంతట అది రాదు. ఇప్పుడు నాకెవరు ఫోను చేసి మూత్రంలో రక్తం అన్నా, "రేపు పొద్దున్న ఎన్నింటికి వస్తావు?" అనే అడుగుతున్నాను. వాళ్ళు టైము చెప్పేదాకా ఫోను పెట్టను. మీ స్నేహితుడు మీతో ఆ మాట అంటే మీరూ అలాగే అడగండి. దానికి డాక్టరై ఉండనక్కర్లేదు.

మాస్టారూ, నలభై ఏళ్ళు ఆలస్యంగానైనా ఆ గీత ఎందుకు కొట్టించారో నాకు అర్థమైంది. మీ పాదాలకి నమస్కారం.

భోజనాలు సిద్ధంగా ఉన్నాయని సెక్రటరీగారు సైగ చేస్తున్నారు.  సెలవు.